తిరగరాయడం శిక్షేనా?

ఈ మధ్య డిగ్రీ కళాశాలల్లో తెలుగు బోధించే మిత్రులు కొందరితో రచన నేర్పడం గురించి మాట్లాడాను. అందరి ఫిర్యాదూ ఒకటే: పిల్లలకు సొంతంగా పది వాక్యాలు రాయడం రాదని. "మరి మీరెప్పుడైనా రాయించారా?" అంటే మాత్రం సంభాషణ సిలబస్ మీదికి మళ్ళుతుంది.

1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించిన అసమ్మతి పత్రం ఈ వ్యాసరచన తగవులోంచి పుట్టినదే. విద్యార్థి ఏ తెలుగులో రాయాలన్నది నాటి ప్రశ్న. జయంతి రామయ్య పంతులుగారు గ్రాంథికమన్నారు. గిడుగు, గురజాడ వ్యావహారికమన్నారు. ఆలస్యంగానైనా వ్యావహారికమే గెలిచింది. గెలిచి ఎక్కడికి చేరింది? గైడు పుస్తకంలోకి! అందులోని వాక్యాలు శుభ్రమైన వ్యావహారికమే, కాని అవి విద్యార్థివి కావు. గ్రాంథికాన్ని బట్టీపట్టడానికీ దీనికీ నాకు పెద్ద తేడా కనబడదు.

ఒక అధ్యాపకుడు దాపరికం లేకుండా చెప్పారు: "గైడు జవాబు దిద్దడానికి రెండు నిమిషాలు చాలు. సొంతంగా రాసినవాడిది పావుగంట తీసుకుంటుంది. ఒక్కోసారి వాడికే మార్కులు తగ్గుతాయండీ, వాడి తప్పులు కొత్తవి గనక." పేపర్ల కట్టలు ముందేసుకుని కూర్చున్న మనిషిని తప్పుపట్టలేను గాని, నష్టపోయేది ఆ కొత్త తప్పు చేసే సాహసం ఉన్న పిల్లవాడే కదా!

మరొకావిడ వారానికో పేరా రాయిస్తారు, వాళ్ళ వీధి గురించో, ఇంట్లో చేసే పని గురించో. ఎర్రసిరా వాడరు, అంచున ఒక ప్రశ్న మాత్రం రాస్తారు. దానికి జవాబు చేర్చి తిరగరాయమంటే మొదట్లో పిల్లలు బిక్కమొహం వేసేవారట. బళ్ళో ఇంపోజిషన్ తప్ప రాసినదాన్నే మళ్ళీ రాయడం వాళ్ళెరుగరు మరి.