పాత లోగిళ్లు కలప అడితీలకేనా?

కోనసీమ పల్లెల్లో పాత మండువా లోగిలి అమ్మకానికి వచ్చిందని తెలిస్తే అందరికంటే ముందు గుమ్మం తొక్కేవాడు కలప వర్తకుడే. స్తంభాలెన్ని, దూలాలెన్ని, ద్వారబంధాలెన్ని అని లెక్కపెట్టుకుని, టేపు పెట్టి కొలిచి, కర్రకు ధర కడతాడు. గోడల వంక చూడనైనా చూడడు. బేరం కుదిరితే నెల తిరిగేలోగా పెంకులు దిగుతాయి, దూలాలు లారీ ఎక్కుతాయి. మిగిలిన మట్టిదిబ్బ ఖాళీ స్థలం కింద అమ్ముడుపోతుంది. "పాతబడిపోయింది, ఇంక నిలవదు" అని అమ్మినవారు సరిపెట్టుకుంటారు.

చాలా ఇళ్ల విషయంలో ఈ మాట నిజం కాదు. ఏళ్లు మీదపడినంత మాత్రాన ఇల్లు కూలదు. వాటాదార్ల తగువు, తెలిసీ తెలియని మరమ్మతు, ఏటికేడు పెరిగే వీధి మట్టం, ఈ మూడూ కలిసి పాత ఇంటిని కూలుస్తున్నాయి. మూడూ మనుషుల చేతుల్లో ఉన్నవే.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువల కింద వరి పండడం మొదలయ్యాక డెల్టా రైతుల చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. గోదావరి మీద తెప్పలుగా దిగివచ్చిన అడవి టేకుతో, గానుగలో ఆడించిన సున్నంతో, ఎత్తైన అరుగులతో ఇళ్లు లేచాయి. 1986 ఆగస్టు వరదను, 1996 నవంబరు 6 నాటి తుపానును తట్టుకుని నిలిచిన లోగిళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి ఇంటిని కొని బాగుచేయించుకుని కాపురం ఉండదలచిన వారికి కావలసింది డబ్బు ఒక్కటే కాదు, కాస్త జాగ్రత్త కూడా.

సంతకాలు లేని బేరం

తాత కట్టిన ఇంటికి మనవలు పదిమంది ఉంటారు. ఒకరు ఊళ్లో, ఇద్దరు హైదరాబాదులో, ఇంకొకరు అమెరికాలో. బేరం మాట్లాడేటప్పుడు ఆడపడుచుల ఊసే రాదు. "పసుపు కుంకుమలు ఇచ్చి పంపించాం, ఇంక వాళ్లకు వాటా ఏమిటి?" అనే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు. చట్టం అలా అనడం లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 1986లో వచ్చిన సవరణ అప్పటికి పెళ్లికాని కుమార్తెలకు హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. 2005లో కేంద్ర చట్టం పెళ్లయిన కుమార్తెలకూ ఆ హక్కు కల్పించింది. ఆనాటికి తండ్రి బతికి లేకపోయినా హక్కు ఉంటుందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. అంతకు చాలా ముందే చట్టప్రకారం పంపకాలు జరిగిపోయిన కుటుంబాల సంగతి వేరు. అలాంటి పంపకం కాగితం లేనిచోట కొడుకుల సంతకాలు మాత్రమే తీసుకున్నవాడు ఇంటితోపాటు వ్యాజ్యాన్ని కూడా కొనుక్కున్నట్టే.

సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఈసీ తీయించడం మరువకూడదు. కంప్యూటరులో 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్లే కనిపిస్తాయి. అంతకు ముందువి కావాలంటే కార్యాలయంలో విడిగా అడిగి వెతికించుకోవాలి. గ్రామకంఠంలోని ఇళ్లకు చాలాచోట్ల పాత దస్తావేజులే ఉండవు. పంచాయతీ ఇంటిపన్ను రసీదు చూపిస్తారు. అది అనుభవంలో ఉన్నట్టు చూపడానికి పనికి వస్తుంది గాని, ఆ ఒక్క కాగితమే హక్కు పత్రం కాజాలదు. బయానా ఇచ్చి, తెల్లకాగితం మీద రాయించుకుని, మర్నాడే తాపీ మేస్త్రీని పిలిచేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. దస్తావేజు రిజిస్టరు అయ్యేదాకా ఒక్క పెంకునైనా కదపరాదు.

సిమెంటు చేసే చేటు

కాగితాలు సరిగా ఉన్న ఇంటిని కూడా కొందరు చేజేతులా పాడుచేసుకుంటున్నారు. సున్నపు గోడ పెచ్చు ఊడిందని సిమెంటు పూయిస్తారు. కోనసీమలో నాలుగడుగులు తవ్వితే నీరు ఊరే నేలలు చాలా ఉన్నాయి. ఆ చెమ్మ పునాదిలోంచి గోడకు ఎక్కుతుంది. సున్నపు పూత అయితే ఆ చెమ్మను మెల్లగా బయటకు వదిలేస్తుంది. సిమెంటు పూత వదలదు. లోపలి తడి పైకి పాకుతుంది, గోడకు ఉప్పు తేలుతుంది, రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి పూత బోర్లించిన మూకుడులా ఉబ్బి ఊడిపడుతుంది. గోడలో దిగిన దూలపు కొసలు ఆ తడికి పుచ్చిపోతాయి. చెదలకు అంతకంటే ఏం కావాలి?

పాత ఇంటికి బాగా నానబెట్టిన సున్నం, ఇసుక, ఇటుకపొడి కలిపిన పూతే తగినది. ఆరడానికి రోజులు పడుతుంది, తొందర పనికిరాదు. పాత గోడల మీద స్లాబు పోయించే ఆలోచన మానుకోవాలి. పెంకు కప్పు బరువు మోయడానికి కట్టిన గోడలవి.

ఇల్లు చూడబోయేవారు వేసవిలో చూస్తే ఏమీ తెలియదు. జోరున వాన కురిసే రోజు వెళ్లాలి. కారే చోట్లు, గోడ మీది తడిచారలు అప్పుడే బయటపడతాయి. మండువాలో పడిన నీరు తూము గుండా సాఫీగా పోతున్నదో లేదో చూసుకోవాలి. వడ్రంగిని వెంట తీసుకెళ్లి, ప్రతి దూలం గోడలోకి దిగినచోట ఉలితో పొడిచి చూడమనాలి. కొస మాత్రమే పుచ్చితే మంచి కర్ర అతుకు వేయవచ్చు, దూలమంతా మార్చనక్కరలేదు. పునాది కుంగి, గోడ పైనుంచి కిందికి చీలిపోయిన ఇంటిని మాత్రం అభిమానం కొద్దీ పట్టుకు వేలాడడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

పాత ఇంట్లో మరుగుదొడ్డి లేదు, వంటగది చీకటి అని కోడళ్లు అనే మాటలో న్యాయం ఉంది. దానికి ఇల్లు పడగొట్టనక్కరలేదు. పెరటివైపు విడిగా పునాది వేసి స్నానాల గది, మరుగుదొడ్డి కట్టుకోవచ్చు. నీళ్ల గొట్టాలు పాత గోడలోంచి తీయకుంటే చాలు.

ఇంటిని మించిన వీధి

ఇంటి యజమాని ఎంత జాగ్రత్తపడినా అతని చేతిలో లేనిది వీధి. పాత సిమెంటు రోడ్డు మీదే కొత్తది పోస్తూ పోవడంతో, ఒకప్పుడు నాలుగు మెట్లు ఎక్కి వెళ్లిన అరుగులు కొన్నిచోట్ల వీధితో సమానమైపోయాయి. కాలువ తవ్వకుండానే రోడ్డు వేస్తారు. చినుకు పడితే వీధి నీరంతా వసారాలోకి వస్తుంది. పునాదిలో నీరు నిలిచిన ఇల్లు ఎన్నాళ్లుంటుంది? కాంట్రాక్టరుకు బిల్లు వస్తుంది, ఇల్లుగలవాడికి గోడ పోతుంది.

రోడ్డు వేసేముందు పాతది తవ్వి తీయాలని, ముందు మురుగుకాలువ కట్టాలని గ్రామసభలో ప్రజలు గట్టిగా అడగాలి. సర్పంచులు, పంచాయతీరాజ్ ఇంజనీర్లు వీధి ఇళ్ల గుమ్మాల ఎత్తు చూసి మరీ అంచనాలు వేయాలి. సున్నపు పని తెలిసిన ముసలి మేస్త్రీలు ఊరికి ఒక్కరో ఇద్దరో మిగిలారు. ఐటీఐలలో తాపీపని నేర్చుకునే కుర్రవాళ్లకు ఆ పని కూడా నేర్పించే ఏర్పాటు ప్రభుత్వం చేయాలి.

అమ్మేవారు అక్కచెల్లెళ్లను పిలిచి సంతకం పెట్టించాలి. కొనేవారు వానలో ఇల్లు చూడాలి. పంచాయతీ వీధిని దించాలి. ఎవరి వంతు వారు చేస్తే, తాతలనాటి టేకు దూలం లారీ ఎక్కకుండా మనవల నెత్తిన నీడగా నిలుస్తుంది.