మంచు దారిలో నడిపేది వేరు, నిలిపేది వేరు

ఏటా డిసెంబరు, జనవరి మాసాలలో సిమ్లా నుండో, మనాలీ నుండో ఒక వార్త తప్పక వస్తుంది. మంచు భారీగా కురుస్తున్నందున సొలాంగ్ దాటి అటల్ సొరంగం వైపు ఫోర్‌వీల్ డ్రైవ్ వాహనాలను మాత్రమే అనుమతిస్తున్నట్లు పోలీసులు ప్రకటించారన్నది దాని సారాంశం. వార్తా సంస్థలు పంపిన ఆ వాక్యాన్ని తెలుగు చేసి పేజీలో పెట్టే మావంటివారు సైతం దాని అర్థాన్ని గూర్చి మరొకసారి ఆలోచించరు. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే వాహనమైతే మంచులో భయం లేదన్న అభిప్రాయం పాఠకునికి కలుగుతుంది. ఆ అభిప్రాయంలో నిజం సగమే. మిగిలిన సగం ప్రాణాల మీదికి తెచ్చేది.

2020 అక్టోబరు 3న అటల్ సొరంగం ప్రారంభం కావడానికి పూర్వం ఈ సమస్య ఇంత తీవ్రంగా లేదు. 3,978 మీటర్ల ఎత్తున ఉన్న రోహ్‌తాంగ్ కనుమ శీతకాలంలో నెలల తరబడి మూతపడి ఉండేది. పర్యాటకులు దిగువనే ఆగిపోయేవారు. 9.02 కిలోమీటర్ల సొరంగం లాహౌల్ ప్రజలకు ఏడాది పొడవునా దారి చూపింది. అది నిస్సందేహంగా మేలు. అయితే మైదాన ప్రాంతాల నుండి వచ్చే వాహనాలను 3,000 మీటర్ల ఎత్తుకు నడిశీతకాలంలో చేర్చినది కూడా అదే. 2024 డిసెంబరు చివరి వారంలో సొలాంగ్‌కు, సొరంగానికి నడుమ వందలాది వాహనాలు చిక్కుకుపోగా పర్యాటకులను అర్ధరాత్రి వేళ తరలించవలసి వచ్చింది.

ఫోర్‌వీల్ డ్రైవ్ చేసే మేలు ఏమిటో ముందు చెప్పుకోవాలి. సాధారణ కారులో ఇంజను శక్తి రెండు చక్రాలకే అందుతుంది. వాటి కింద పట్టు లేకపోతే అవి ఉన్నచోటనే గిర్రున తిరుగుతాయి, కారు కదలదు. నాలుగు చక్రాలకూ శక్తి అందితే ఏ రెండింటికో పట్టు దొరికి వాహనం ముందుకు సాగుతుంది. ఆగిన చోటు నుండి కదలడానికి, ఎత్తు ఎక్కడానికి ఇది ఎంతో సహాయకారి. పల్లంలో తక్కువ గేరులో దిగేటప్పుడు ఇంజను చూపే నిరోధం నాలుగు చక్రాలకూ సమంగా చేరడం మరొక ప్రయోజనం.

ఆ మేలు అంతటితో సరి. బ్రేకులు ప్రతి కారుకూ నాలుగు చక్రాలకే ఉంటాయి. కనుక ఆగే విషయంలో ఫోర్‌వీల్ డ్రైవ్ వాహనానికి ప్రత్యేకత ఏమీ లేదు. ఆపేది టైరుకు, నేలకు నడుమ గల రాపిడి మాత్రమే. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం పొడి తారురోడ్డుపై బ్రేకు పడిన తరువాత సుమారు 8 మీటర్లలో నిలుస్తుంది. అణగిన మంచుపై సుమారు 30 మీటర్లు, గడ్డకట్టిన మంచుపై 60 మీటర్లకు పైగా జారుతుంది. వాహనం బరువుగా ఉంటే త్వరగా ఆగుతుందనుకోవడం భ్రమ. నూరు మీటర్లకు పది మీటర్లు దిగే వాలుపై అద్దం వంటి మంచు పేరుకొని ఉంటే ఎంతటి ఖరీదైన వాహనమైనా బ్రేకు నొక్కినంత మాత్రాన ఆగదు. భూమ్యాకర్షణ కిందికి లాగే బలం, రాపిడి ఆపే బలం అక్కడ దాదాపు సమానమవుతాయి.

మలుపుల సంగతి కూడా ఇటువంటిదే. మన దేశంలో విక్రయించే అనేక జీపు తరహా వాహనాలలో ఫోర్‌వీల్ డ్రైవ్‌ను అవసరమైనప్పుడే వేసుకోవాలి. వేసిన తరువాత ముందు, వెనుక ఇరుసులు ఒకే వేగంతో తిరిగేలా బిగుసుకుంటాయి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం, వెనుక చక్రాలు తక్కువ దూరం పోవలసి ఉంటుంది. ఆ తేడాకు తావు లేనందున పొడి రోడ్డుపై యంత్ర భాగాలు ఒత్తిడికి లోనవుతాయి. జారుడు నేలపై ముందు చక్రాలు స్టీరింగు మాట వినక తిన్నగా సాగిపోవచ్చు. సొరంగంలో పొడి రోడ్డు, వెలుపల మంచు ఉన్న దారిలో దీనిని ఎప్పుడు వేయాలో, ఎప్పుడు తీయాలో చోదకునికి తెలిసి ఉండాలి. అద్దెకు తీసుకున్న వాహనంతో తొలిసారి కొండ ఎక్కేవారికి ఇది ఎవరు చెబుతున్నారు?

తెలుగులో మంచు అన్న ఒక్క మాటతో పొగమంచును, కురిసే మంచును, గడ్డకట్టిన మంచును కూడా సూచిస్తాము. మనకు తేడా అవసరం పడలేదు. కొండదారిలో మాత్రం ఆ తేడాయే ప్రాణం. అప్పుడే కురిసిన మంచులో టైరు కొంత దిగి పట్టు సంపాదిస్తుంది. పగలు కరిగి రాత్రి మళ్లీ గడ్డకట్టిన పొర కంటికి తడి రోడ్డువలెనే కనిపిస్తుంది. ఎండ సోకని మలుపులలో, వంతెనలపై అది పొంచి ఉంటుంది. మనాలీ టాక్సీ చోదకులు ముందు చక్రాలకు మాత్రమే శక్తి అందే చిన్న ఆల్టో కార్లతో, చక్రాలకు గొలుసులు కట్టుకొని, నెమ్మదిగా వెళ్లిరావడానికి కారణం ఈ ఎరుకయే.

అసలు అడగవలసినది టైర్ల గురించి. సాధారణ టైరు రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన బిరుసెక్కి పట్టు కోల్పోతుంది. చలిలోనూ మెత్తగా ఉండే శీతకాలపు టైర్లు మన విపణిలో అరుదు. గొలుసులు మాత్రం కొనుగోలుకు దొరుకుతాయి, అద్దెకూ దొరుకుతాయి. చెక్‌పోస్టులో వాహనం వెనుక ఉన్న అక్షరాలను చూసి పంపడం తేలిక. పైగా 2023 నుండి మహీంద్రా థార్ రెండు చక్రాల డ్రైవ్‌తో కూడా లభిస్తున్నది. చూపుకు అన్నీ ఒకటే.

పొరుగుదేశపు అనుభవం మనకు హెచ్చరిక కావాలి. 2022 జనవరి 7, 8 తేదీల నడుమ పాకిస్తాన్‌లోని మరీ పర్వత విహార కేంద్రం వద్ద వాహనాలలో చిక్కుకొని 20 మందికి పైగా మరణించారు. పొగగొట్టం మంచుతో మూసుకుపోయినప్పుడు ఇంజను నడిపి హీటరు వేసుకుంటే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతుంది. దానికి రంగూ వాసనా లేవు. నిద్రలోనే ప్రాణం పోతుంది. కదలలేని వరుసలో నిలిచిపోయిన తరువాత ఎన్ని చక్రాలకు శక్తి అందితేనేమి? అక్కడ లోపించినది వాహనాల శక్తి కాదు. ఎన్ని వాహనాలను పైకి పంపాలన్న నిర్ణయం.

కనుక ప్రభుత్వాలు చేయవలసినవి స్పష్టం. మంచు కురిసే రోజులలో పైకి వెళ్లే వాహనాల సంఖ్యకు పరిమితి ఉండాలి. ఫోర్‌వీల్ డ్రైవ్ అయినా కాకపోయినా గొలుసులు తప్పనిసరి చేయాలి. అద్దె వాహనాలిచ్చేవారు చోదకునికి మంచులో నడిపే పద్ధతి చెప్పి గాని తాళం ఇవ్వరాదు. 2023లో ఆరంభమైన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు ఢీకొన్నప్పుడు కలిగే రక్షణను కొలుస్తాయి. మంచుపై ఆగే దూరాన్ని కాదు. మంచుకొండలు ఎగబ్రాకే వాహనాన్ని చూపి అమ్మే సంస్థలు, అది దిగేటప్పుడు ఎంత దూరంలో ఆగుతుందో కూడా చెప్పాలని కోరడం అన్యాయం కాదు.

ఇది ఉత్తరాది వ్యవహారమని మనం ఊరకుండలేము. సెలవులలో హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడల నుండి మనాలీకి, కాశ్మీరుకు పోయే కుటుంబాలు ఎన్నో. 2014 జూన్ 8న అదే హిమాచల్‌లో బియాస్ నదిలోకి ఆనకట్ట నుండి హఠాత్తుగా విడిచిన నీటికి హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయిన దుఃఖం తెలుగువారు మరువలేదు. తెలియని చోట ప్రమాదం ఎలా వస్తుందో ముందుగా చెప్పేవారు లేకపోవడం నాటి విషాదం. ఇకమీదట ఫోర్‌వీల్ డ్రైవ్ వాహనాలకే అనుమతి అన్న వార్త వచ్చినప్పుడు, అవి ఎక్కడానికే గాని ఆగడానికి కావన్న మరొక వాక్యం దాని పక్కన చేర్చడం మా బాధ్యత. దానిని చదివి గొలుసులు వెంట తీసుకొనడం, తగినంత ఎడం పాటించడం, పోలీసులు వద్దన్న చోట వెనుదిరగడం పాఠకుల బాధ్యత.