ఊహకు స్లాబ్ పడదు
కోరుకున్నది దక్కేసిందని గట్టిగా నమ్ము, చుట్టూ ఏం జరిగినా చలించకు, అదే నడిచొస్తుంది: రీల్స్‌లో హోరెత్తుతున్న ఈ ఉపదేశం కొత్తదేం కాదు. బార్బడోస్‌లో పుట్టిన నెవిల్ గొడార్డ్ గత శతాబ్దంలోనే అమెరికాలో చెప్పాడు. 2006లో ‘ది సీక్రెట్’ పుస్తకం దాన్ని అంగడి సరుకు చేసింది. హైదరాబాద్ శివారు పీర్జాదిగూడలో కాపురముండి దీన్ని నమ్మాలంటే గుండె నిబ్బరం కావాలి. 2018లో పనులు మొదలైన ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ స్తంభాల పక్కన, ఏళ్ల తరబడి గుంతల్లో పడి లేచిన జనం, పైనుంచి రయ్యిన దూసుకుపోతున్నట్టు ఎన్నిసార్లు ఊహించుకోలేదు! ఊహకు స్లాబ్ పడదు. అలాగని నమ్మకాన్ని కొట్టిపారేయను. గాబ్రియెల్ ఓటింగెన్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఉద్యోగాల వేటలో ఉన్న పట్టభద్రులను పరిశీలించారు. కొలువు వచ్చేసినట్టు కలల్లో తేలినవాళ్లకు ఆఫర్లూ జీతాలూ తక్కువే వచ్చాయి. వస్తుందన్న అంచనా బలంగా ఉన్నవాళ్లు మెరుగ్గా నెగ్గుకొచ్చారు. కలకూ అంచనాకూ ఉన్న ఈ తేడా చిలుకూరు బాలాజీ భక్తులకు ఎవరూ చెప్పక్కర్లేదు. వీసా కోసం 11 ప్రదక్షిణలు, వచ్చాక 108. మొక్కుకున్న కుర్రాడు మర్నాడు కాన్సులేట్‌కి కాగితాలన్నీ సర్దుకునే వెళ్తాడు. వీసా రాకపోతే, దేవుడు ఇంకా దయ తలచలేదనుకుని మళ్లీ స్లాట్ వెతుక్కుంటాడు. రీల్స్ గురువు మాత్రం ‘నీ నమ్మకమే చాల్లేదు’ అంటాడు. లేఆఫ్‌లో ఉద్యోగం పోయి, ఫ్లాట్ ఈఎంఐ కట్టలేక సతమతమయ్యే మనిషితో అనాల్సిన మాటేనా అది?