గృహగణితము: నూటికెంత?

నంద్యాల అంగడిలో కిలో బియ్యము 50 రూపాయలనుండి 60 అయినదనుకొందము. పాతధరపై వృద్ధి నూటికి 20. మరల 50కి దిగినచో తగ్గుదల నూటికి 16.67 మాత్రమే, ఏలయన నిప్పుడు పాతధర 60.

కంప్యూటరు పట్టికలో పాతధరను ఏ2 గడియందును, క్రొత్తధరను బి2 గడియందును వ్రాసి, సి2లో =(బి2-ఏ2)/ఏ2 అను సూత్రము నుంచవలెను. కుండలీకరణములు విడిచినచో భాగహారము ముందు జరిగి 59 వచ్చును! శాతపు గుర్తు నొక్కిన పిదప మరల 100చే గుణింపరాదు.

కూలి విషయమున నీ లెక్క మరింత ముఖ్యము. ఆళ్లగడ్డ శిల్పికి దినకూలి 1000 రూపాయలనుకొనుడు. నూటికి 20 తగ్గించి, పిదప నూటికి 20 పెంచినచో చేతికందునది 960 మాత్రమే. ఆ 40 రూపాయల లోటు వంటయింటనే తెలియును. కావున శాతము చెప్పినవారిని "దేనిపై?" అని యడుగుడు.