నన్ను మెప్పింపని ఏకవీర

పెద్దలు మెచ్చిన గ్రంథము తనకు నచ్చలేదని చెప్పుట కొంత సాహసమే. అయినను మన బడి సంచికలో మనసులోని మాట చెప్పుటకు వెఱవనేల? శ్రీ విశ్వనాథ సత్యనారాయణగారి ‘ఏకవీర’ను నేను రెండు పర్యాయములు చదివితిని. రెండుసారులును కన్నులు చెమర్చినవి; రెండుసారులును మనస్సు ఒప్పుకొనలేదు.

కథ క్లుప్తముగా నిది. మధుర నాయకరాజుల కాలమున సేతుపతి, వీరభూపతి యనువారు ప్రాణమిత్రులు. సేతుపతి మీనాక్షిని వలచెను; వీరభూపతి ఏకవీరను వలచెను. కాని సేతుపతికి ఏకవీరతోను, వీరభూపతికి మీనాక్షితోను వివాహములు జరిగినవి. మిత్రుని భార్యయే తన ప్రియురాలని చాలకాలము వారెఱుగరు. నలుగురును లోలోన కుములుదురు. కథ విషాదాంతము. 1969లో ఇది చలనచిత్రముగా వచ్చినప్పుడు ఎన్.టి. రామారావుగారు సేతుపతిగను, కాంతారావుగారు వీరభూపతిగను నటించిరి.

గుణము చెప్పక దోషమెన్నుట న్యాయము కాదు. మధురానగరమును, వైగై నదిని కన్నులకు గట్టించుటలో విశ్వనాథవారిది కవిహస్తము. నాలుగు హృదయముల వేదనను ఇంత చేరువగా చూపిన నవలలు మనకు అరుదు.

ఇక నా సందేహములు. మొదటిది: ఈ దుఃఖమంతయు మౌనముపై నిలిచియున్నది. ప్రాణమిత్రులైనవారు తాము వలచిన కన్య పేరు ఒకరికొకరు చెప్పుకొనియున్నచో కథ యేమగును? ఒక్క మాటతో తొలగు కష్టమును విధి యనిపించుకొనుట నాకు సమ్మతము కాదు.

రెండవది: చరిత్ర యిందు తెరవలె వెనుక వ్రేలాడుచున్నది. మధురను తీసివైచి వేఱొక రాజధానిని నిలిపినను ఈ నలుగురి కన్నీరు మారదు. చరిత్ర వలన గలిగిన దుఃఖమెట్టిదో మన ప్రాంతమువారికి చెప్పవలయునా? 1882 నాటి మద్రాసు అటవీ చట్టము వెనుక మన్నెమువారి పోడు సేద్యమునకు నిర్బంధములు వచ్చినవి. ఆ కడుపుమంటయే 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణాపై అల్లూరి సీతారామరాజు దాడిగా బయటపడినది. 1924 మే 7న కొయ్యూరు చెంత ఆయన ప్రాణము బలిగొనబడినది. ఆ దుఃఖమునకు కారణము చూపవచ్చును; ప్రశ్నింపవచ్చును.

మూడవది ముఖ్యమైనది. ఏకవీరను గాని మీనాక్షిని గాని, ‘అమ్మా, నీ యిష్టమేమి?’ యని అడిగినవారు లేరు. గ్రంథము వారి వేదనను సుందరముగా చిత్రించినది గాని, అడుగని పెద్దలను గట్టిగా నిలదీయలేదు.

‘ఆ కాలధర్మ మట్టిది, నేటి కొలతతో నాటివారిని కొలువరాదు’ అని కొందరందురు. ఆ మాటలో సత్యము లేకపోలేదు. కాని కథ నాటిదైనను రచన 1930 ప్రాంతపుది. బాలికలకు పదునాలుగేండ్లు నిండక వివాహము చేయరాదని శారదా చట్టము పుట్టినది 1929లోనే. అనగా ఆ ప్రశ్న అప్పటికే దేశమున చర్చకు వచ్చియున్నది.

నేడు కన్యకు పదునెనిమిదేండ్లు నిండవలెనని చట్టము. అయినను చట్టము వయస్సును లెక్కించును గాని మనస్సును అడుగజాలదు. అడుగవలసినవారు తల్లిదండ్రులే. కుమార్తె తల వంచుకొని యూరకుండిన, అది అంగీకారమని తలపక, మఱియొకసారి మెల్లగా అడుగుడు.

విద్యార్థులారా! నేను మెచ్చలేదని మీరు ‘ఏకవీర’ను విడువవలదు, తప్పక చదువుడు. కన్నీరు వచ్చిన రానిండు. తుడుచుకొన్న పిమ్మట మాత్రము, ఈ దుఃఖమును ఎవరు ఎచ్చట ఆపగలిగియుండిరని మీలో మీరు ప్రశ్నించుకొనుడు. నాకు దొరకిన ప్రత్యుత్తరము విధి కాదు, మనుష్యుల మౌనము. మీకు వేఱొకటి తోచినచో వచ్చే సంచికకు వ్రాయుడు. నేను సంతోషముతో చదివెదను.