సిండ్రెల్లాకు చోటుంది, పేదరాసి పెద్దమ్మకు లేదా?

వేసవి సెలవులకు ముందు తుకుంలో మా వీధి బాలుడొకడు బడిలో ఇచ్చిన కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. సెలవుల్లో చదవదగిన ప్రపంచ అద్భుత కథల పట్టిక అది. సిండ్రెల్లా, స్నోవైట్, రపుంజెల్, అల్లావుద్దీన్ - అన్నీ ఇంగ్లీషులో. చివర రెండు మరాఠీ పుస్తకాలు. తెలుగు కథ ఒక్కటీ లేదు. ఆ తరగతిలో తెలుగిళ్ల పిల్లలున్నారని పట్టిక రాసినవారికి తెలియనిది కాదు.

సిండ్రెల్లా మీద నాకు పగ లేదు. ఆ కథలు చదవవలసినవే. అయితే వాటి పుట్టుక కూడా తెలియాలి. గ్రిమ్ సోదరులు 1812లో జర్మన్ కథల తొలి సంపుటాన్ని వెలువరించేనాటికి వారి కాసెల్ నగరం ఫ్రెంచి ఏలుబడిలో ఉంది. నార్వే 1814 వరకు డెన్మార్కు కింద ఉండింది. ఆ తరువాత కూడా అక్కడ రాతకు డేనిష్ భాషే దిక్కు. ఆస్‌బ్యోర్న్‌సెన్, మో అనే ఇద్దరు మిత్రులు 1841 నుండి పల్లె జనం కథలను వారి పలుకుబడి చెడకుండా అచ్చువేశారు. నార్వే రాతభాషకు ఆ పుస్తకాలు దారి వేశాయి. ఇతరులు తమ అమ్మనుడికై పాటుపడి పండించిన పంటను మనకు వడ్డిస్తూ, మన చేను బీడు పెట్టమంటే ఎట్లా ఒప్పుకోవడం?

మన నేల మీదే ఇంకొక ఉదంతముంది. ప్రతిష్ఠానంలో, అంటే ఈ మహారాష్ట్రలోని పైఠణ్‌లో, గుణాఢ్యుని బృహత్కథను శాతవాహన రాజు పైశాచీ భాషలో ఉందని తిరస్కరించాడట. కవి దానిని అడవిలో మృగాలకు వినిపిస్తూ ఒక్కొక్క పత్రమే అగ్నికి ఆహుతి చేశాడట. రాజు పశ్చాత్తాపంతో వచ్చేసరికి ఏడింట ఒక పాలు మిగిలిందని ఐతిహ్యం. ఆ మిగిలినదీ నేడు మూలభాషలో దొరకదు. సోమదేవుని సంస్కృత కథాసరిత్సాగరం వంటివే మనకు ఆధారం.

రాజురా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రపు ఆదిలాబాదు జిల్లాలోనిది. గీత జరిగింది, ముసలమ్మల నోటి కథ జరగలేదు. అదే ఏడు ఏడవ సవరణతో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో అమ్మనుడిలో బోధనకు సౌకర్యాలు కల్పించే ప్రయత్నం చేయాలని రాష్ట్రాలను, స్థానిక సంస్థలను ఆదేశిస్తుంది. 'ప్రయత్నం' అన్న ఆ ఒక్క మాట చాటున ఎన్ని దరఖాస్తులు నిద్రపోయాయో నావంటి న్యాయవాదులకు తెలుసు.

తప్పంతా ఏలికలదే అననులెండి. అధికరణాలు వల్లించే నా ఇంట్లోనే, నా కూతురు ఏడు చేపల కథ విని నవ్వుతుంది. తెలుగు లిపిలో చూపితే కూడబలుక్కోలేదు. మరాఠీ పిల్లలు చాందోబాగా చదువుకున్న చందమామ 1947 జూలైలో తెలుగులోనూ పుట్టిన పత్రిక. దాని పాత సంచికలు ముందు పెట్టుకొని ఈ వేసవిలో రోజుకొక పుట చదివిస్తున్నాను. వీధిలో మరో నలుగురు వచ్చి కూర్చుంటున్నారు. గ్రిమ్ కథలనూ తెలుగులోనే చెబుతున్నాను.

బడి తెరవగానే పట్టికలో తెలుగు కథలు చేర్చమని ప్రధానోపాధ్యాయునికి ఇవ్వడానికి వినతిపత్రం రాశాను. ఇంతవరకు పదకొండు సంతకాలయ్యాయి. తక్కిన తల్లిదండ్రులు, "మా పిల్లవాడిని వేరుగా చూస్తారేమో వకీలు సాబ్" అంటున్నారు.