తప్పు తల్లిది కాదు, పోగుది

పుట్టిన బిడ్డ ఒంటి మీద పొక్కులు కనిపిస్తే మన ఇళ్లల్లో ముందుగా బోనెక్కేది తల్లే. 'గ్రహణం వేళ బయట తిరిగావా?' 'మీ పుట్టింటి వైపు నాగదోషం ఏమన్నా ఉందా?' అంటూ ఆరాలు. తండ్రిని మాత్రం ఎవరూ ఏమీ అడగరు. అలాంటి ఒక జబ్బు విషయంలో సైన్సు 1991లోనే తీర్పు చెప్పేసింది. ఆ తీర్పు వెనక ఉన్నది ఒక స్త్రీ, ఎలేన్ ఫ్యూక్స్.

1950లో అమెరికాలో పుట్టిన ఫ్యూక్స్ చదివింది రసాయన శాస్త్రం. డాక్టరేటు చేసింది బాక్టీరియా మీద. ఆ తర్వాత ఎం.ఐ.టి.లో హోవర్డ్ గ్రీన్ దగ్గర మనిషి చర్మకణాలను గాజు పళ్లెంలో పెంచే విద్య నేర్చుకున్నారు. 1980లో షికాగో విశ్వవిద్యాలయం జీవరసాయన విభాగంలో చేరేనాటికి ఆ విభాగంలో ఆవిడ ఒక్కరే మహిళా అధ్యాపకురాలు.

ఆవిడ ఎంచుకున్నది కెరటిన్. చర్మం పైపొరకీ, జుట్టుకీ, గోళ్లకీ, గొర్రె ఉన్నికీ కూడా ముడిసరుకు ఇదే. కెరటిన్ పోగు ఒక పాలిమర్, అంటే చిన్న ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని పొడవుగా సాగిన దారం. మనం కట్టే నైలాన్ చీర, నీళ్లు పట్టే ప్లాస్టిక్ బక్కెట్టు కూడా పాలిమర్లే. కాకపోతే వాటిని ఫ్యాక్టరీలు చేస్తాయి, కెరటిన్ని మన కణాలే వడుకుతాయి. రెండు రకాల కెరటిన్లు జంటగా పెనవేసుకుంటేనే పోగు నిలుస్తుంది. ఆ పోగులే చర్మకణానికి వాసాలు, దూలాలు.

'పోగు ఎలా అల్లుకుంటే ఎవరికేం ఒరిగింది?' అనిపించడం సహజం. మామూలుగా జబ్బును ముందు పెట్టుకుని కారణం వెతుకుతారు. ఫ్యూక్స్ బృందం తిరగేసి నడిచింది. కెరటిన్-14 జన్యువును కావాలని పాడుచేసి ఎలుకల్లో పెట్టింది. వాటి చర్మం కాస్త రాపిడికే పొక్కులెక్కి ఊడిపోయింది. ఇలాంటిదే మనుషుల్లో ఉందా అని చూస్తే ఉంది! దాని పేరు ఎపిడెర్మోలిసిస్ బుల్లోసా సింప్లెక్స్. రోగుల జన్యువు పరీక్షిస్తే, అదే కెరటిన్లో ఒక్క అక్షరం తేడా. దూలం బలహీనమైతే ఇల్లు కూలినట్టు కణం చిట్లిపోతోందన్నమాట.

ఈ తేడా చాలావరకు తల్లి నుంచి రావచ్చు, తండ్రి నుంచీ రావచ్చు. ఒక్కోసారి ఇద్దరిలోనూ లేకుండా బిడ్డలోనే కొత్తగా పుట్టవచ్చు. ఇందులో గ్రహణానికి గానీ, పాముకి గానీ పాత్ర లేదు.

తర్వాత ఆవిడ దృష్టి జుట్టు కుదుళ్ల మీదికి మళ్లింది. 1998లో ఒక ప్రోటీన్ మోతాదు పెంచితే ఎలుకల చర్మం మీద కొత్త కుదుళ్లు మొలిచాయి. కానీ వాటితో పాటే కణుతులూ వచ్చాయి! వారం రోజుల్లో జుట్టు మొలిపిస్తామనే ప్రకటనలు చూసినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. 2002లో రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయానికి వెళ్లాక, కుదుళ్లలోని మూలకణాలు జుట్టునీ చర్మాన్నీ కూడా తయారుచేయగలవని ఆవిడ బృందం చూపించింది. ఫ్యూక్స్ 2009లో అమెరికా అధ్యక్షుడి చేతుల మీదుగా జాతీయ సైన్సు పతకం అందుకున్నారు.

చర్మం, జుట్టు, పాలిమర్ అని మూడు దారులు తొక్కినట్టు పైకి కనిపిస్తుంది గానీ, నిజానికి ఆవిడ పట్టుకున్నది ఒకే పోగు. లాభమేమిటని అడిగి మొదట్లోనే ఆపేసి ఉంటే ఆ జబ్బు గుట్టు అప్పుడు తేలేది కాదు.

కారణం తెలిసినంత మాత్రాన మందు చేతికి రాదన్నది కూడా నిజమే. ఇదే కుటుంబానికి చెందిన మరో రకం జబ్బుకి 2023లో అమెరికాలో జన్యు చికిత్స జెల్ అనుమతి పొందింది. దాని ధర సీసా ఒక్కింటికి 24 వేల డాలర్ల పైమాటే. మన మధ్యతరగతికి అది అందని పండు.

అయితే అందే పండు ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. పసర్లు పూయకుండా బిడ్డను చర్మవైద్యుల దగ్గరికి తీసుకెళ్లడం, మరో కాన్పుకు ముందు జన్యు సలహా తీసుకోవడం ఎలాగూ తప్పదు. వాటన్నిటికన్నా ముందు, పచ్చి బాలింతను 'నువ్వేం చేశావ్?' అని అడగడం మానేద్దాం. ఆ ప్రశ్న ఎక్కువగా అడిగేది మనం ఆడవాళ్లమే కదా!